కుట్టు పనిలో చెయ్యి మొద్దుబారిపోయింది. దీనికి పరిహారం వస్తుందా?

కొరిటెపాడు అక్క
2025 జూన్ 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక బట్టల కంపెనీలో ఏడేళ్లుగా మిషన్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. చొక్కాలకు కాలర్ అతికించే లైన్ నాది. గంటకు 60 పీసులు టార్గెట్. ప్రతి పీసుకూ కుడి మణికట్టు ఒకే వైపు తిప్పాలి, బొటనవేలితో నొక్కి పట్టాలి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేవడం.

సంక్రాంతి తర్వాత నుంచి రాత్రి రెండింటికో మూడింటికో చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేస్తోంది. లేచి కూర్చుని విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. ఇప్పుడు పగలు కూడా అలాగే ఉంది. సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నాను. మొన్న పాలగిన్నె చేతిలోంచి జారిపోయింది. డాక్టర్ గారు నరాల పరీక్ష చేయించి కార్పల్ టనెల్ సిండ్రోమ్, అంటే మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు అన్నారు. ఇలాగే పని చేస్తే చెయ్యి పట్టు పోతుందన్నారు.

కంపెనీలో చెప్తే, "ఇంట్లో అంట్లు తోమి, బట్టలు పిండి తెచ్చుకున్న జబ్బు, మాకేం సంబంధం" అన్నారు. రాజీనామా రాసిస్తే లెక్క తేల్చేస్తామంటున్నారు. జీతం 13,500. వయసు 38. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. మిషన్‌లో వేలు తెగితే పరిహారం ఇస్తారు కదా. ఇలా మెల్లగా పాడైన చేతికి ఇవ్వరా? తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో అన్నం కూడా సయించట్లేదు.

ఆటోనగర్ బాబాయ్
2025 జూన్ 14, రాత్రి 10:58

అమ్మా, ముందు ఒక్క మాట. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఎవరు ఎంత మెత్తగా అడిగినా పెట్టొద్దు. రేపు ఆదివారం, ఎల్లుండి ఎలాగూ పిలుస్తారు. "మా ఇంట్లో అడిగి చెప్తాను" అని వచ్చేసెయ్. తర్వాత సంగతి: నీ జీతం చీటీలో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) అని ఏమైనా కోస్తున్నారా? చూసి చెప్పు.

కొరిటెపాడు అక్క
2025 జూన్ 14, రాత్రి 11:15

చూశాను బాబాయ్ గారూ. నెలకు 102 రూపాయలు ఈఎస్‌ఐ అని ఉంది. కార్డు కూడా ఎప్పుడో ఇచ్చారు, బీరువాలో ఉంది. చిన్నోడికి జ్వరం వచ్చినప్పుడు ఒకసారి వాడాను, అంతే.

ఈఎస్‌ఐ గుమాస్తా (రిటైర్డ్)
2025 జూన్ 15, ఉదయం 6:20

కొరిటెపాడు అక్క గారికి. ఆ 102 రూపాయలే ఇప్పుడు మీకు ఆధారం. ఎలాగో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నెలకు 21,000 లోపు జీతం ఉన్న ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఈఎస్‌ఐకి వెళ్తుంది. 2019 జూలై నుంచి ఇదే లెక్క. 13,500 మీద 101 రూపాయల పావలా, దాన్ని పై రూపాయికి సర్ది 102 చేశారు. అంటే కంపెనీ మిమ్మల్ని సరిగ్గానే నమోదు చేసింది. ఇక మీకూ మీ కుటుంబానికీ వైద్యం ఖర్చు అక్కర్లేదు. డిస్పెన్సరీ నుంచి రాయించుకుంటే పెద్దాసుపత్రికి పంపుతారు. మన వైపు విజయవాడ గుణదలలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది.

డబ్బు విషయంలో రెండు దారులున్నాయి. పనిలో దెబ్బ అని తేలితే, పనికి వెళ్లలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం ఇస్తారు. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు శాతం తేల్చాక నెలనెలా భృతి వస్తుంది. మామూలు జబ్బు అని తేలితే 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. దీనికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. ఏడేళ్లుగా పనిలో ఉన్నారు కాబట్టి మీకు ఇబ్బంది రాకూడదు. రోజుకు 450 అనుకుంటే ఒక దారిలో 405, ఇంకో దారిలో 315.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈఎస్‌ఐ చట్టంలో 73వ సెక్షన్ ఉంది. మీరు సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బుకు ఇచ్చే ఆ 70 శాతం) తీసుకుంటున్న రోజుల్లో యజమాని మిమ్మల్ని తీసేయకూడదు, శిక్షించకూడదు. అందుకే ముందే రాజీనామా రాయించుకోవాలని చూస్తారు. ఆటోనగర్ ఆయన సరిగ్గా చెప్పారు.

కొరిటెపాడు అక్క
2025 జూన్ 15, ఉదయం 7:05

చాలా థ్యాంక్స్ అండీ. రాత్రంతా నిద్ర లేదు, ఇది చదివాక కొంచెం ఊపిరి వచ్చింది. మరి నాది పనిలో దెబ్బ కిందకు రాదా? పని వల్లే వచ్చింది కదా?

నల్లకోటు
2025 జూన్ 15, ఉదయం 9:30

విజయవాడలో లేబర్ కేసులు చూస్తుంటాను. అక్క గారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. ఇప్పుడున్న చట్టం ప్రకారం చాలా కష్టం.

మన దేశంలో ఈ పరిహారం చట్టం 1923లో వచ్చింది. ఈఎస్‌ఐ చట్టం 1948లో. రెండింటిలోనూ మూడో షెడ్యూల్ అని వృత్తి వ్యాధుల పట్టిక ఉంటుంది. సీసం విషం, పాదరసం, బెంజీన్, ఊపిరితిత్తుల్లో దుమ్ము, పెద్ద శబ్దాలతో వచ్చే చెవుడు, ఇలాంటివి అందులో ఉన్నాయి. పట్టికలో ఉన్న జబ్బు, ఆ పనిలో ఉన్నవాళ్లకు వస్తే చట్టం దాన్ని పని వల్ల వచ్చిన గాయంగానే చూస్తుంది. మణికట్టు నరం, బొటనవేలి స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు), భుజం అరుగుదల ఆ పట్టికలో లేవు.

పట్టికలో లేని జబ్బుకు చట్టం ఏమంటుందంటే, పనిలో జరిగిన ఒక ఫలానా ప్రమాదం వల్ల తగిలిన గాయం నుంచి ఆ జబ్బు నేరుగా వచ్చి ఉండాలి, లేకపోతే పరిహారం లేదు అంటుంది. అంటే ఏ రోజు, ఏ గంట, ఏం జరిగింది అని అడుగుతారు. అక్క గారి చేతికి అలాంటి రోజు లేదు. ఏడేళ్లలో ప్రతి రోజూ అదే రోజు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 1923 నాటి ఆలోచన అది. మిల్లులో చెయ్యి పడిపోతే కనిపిస్తుంది, నరం నలిగిపోతే కనిపించదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కార్పల్ టనెల్ పేరుపెట్టి మరీ ఉంది. బలం పెట్టి పదేపదే చేసే పని, మణికట్టు వంచి చేసే పని, కంపించే పనిముట్లు దానికి కారణాలని రాశారు. మన పట్టిక అక్కడి దాకా రాలేదు.

ఇంకొకటి, ఈఎస్‌ఐలో ఉన్న కార్మికులు 1923 చట్టం కింద కమిషనర్ దగ్గర విడిగా కేసు వేయలేరు. 53వ సెక్షన్ ఆ తలుపు మూసేసింది. కాబట్టి గుమాస్తా గారు చెప్పిన 70 శాతం దారి ఇప్పుడే పట్టుకోండి. 90 శాతం దారికి దరఖాస్తు పెట్టుకోవడం మీ హక్కే, కానీ ఆ ఒక్క ఆశ మీద ఆగిపోకండి.

బందరు రోడ్డు
2025 జూన్ 15, ఉదయం 10:12

ఇంత చర్చ ఎందుకండీ. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక తేదీ వేసి, ఆ రోజు బండిల్ ఎత్తుతుంటే మణికట్టు మెలిక పడింది అని యాక్సిడెంట్ రిపోర్టు రాయించేయండి. తోటివాళ్లు ఇద్దరు సాక్షి చెప్తే అయిపోతుంది. చట్టం ఒక రోజు అడుగుతోంది, ఒక రోజు ఇచ్చేద్దాం.

ఈఎస్‌ఐ గుమాస్తా (రిటైర్డ్)
2025 జూన్ 15, ఉదయం 10:40

బందరు రోడ్డు గారూ, మీ ఉద్దేశం మంచిదే. దయచేసి ఈ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ రిపోర్టు రాయాల్సింది యజమాని, ఆయన రాయడు. రాసినా ఆమె నరాల పరీక్ష చూసిన డాక్టర్‌కు ఇది ఒక్క రోజులో వచ్చింది కాదని తెలిసిపోతుంది. జనవరి నుంచి తిమ్మిరి అని పాత చీటీలోనే ఉంటుంది. లబ్ధి కోసం అబద్ధం చెప్తే ఈఎస్‌ఐ చట్టం 84వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. అప్పుడు రావాల్సిన 70 శాతం కూడా చేజారుతుంది. నా సర్వీసులో నిజమైన జబ్బున్న మనిషి ఒక్క అబద్ధం వల్ల అన్నీ పోగొట్టుకోవడం చూశాను. ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

కొరిటెపాడు అక్క
2025 జూన్ 15, ఉదయం 11:02

లేదండీ, అలా చేయను. జరగనిది జరిగిందని చెప్పలేను. జరిగిందే చెప్తాను.

ఆటోనగర్ బాబాయ్
2025 జూన్ 15, మధ్యాహ్నం 1:25

మంచి మాటన్నావు తల్లీ. కానీ నిజంగానే ఒక రోజు ఏదైనా జరిగి ఉంటే మాత్రం దాచుకోకూడదు. అది కూడా అందరికీ తెలియాలి.

మా దగ్గర టింకరింగ్ షెడ్డులో ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్లు సుత్తి పట్టిన చెయ్యి. మోచేయి నొప్పి అని ఎప్పుడూ గుడ్డ కట్టుకునేవాడు. షెడ్డులో నలుగురే, ఈఎస్‌ఐ లేదు. ఒకరోజు బిగుసుకుపోయిన బోల్టు మీద స్పానర్ వేసి గట్టిగా లాగితే మోచేయి దగ్గర ఏదో తెగినట్టు చప్పుడైందట. చెయ్యి ఇక లేవలేదు. ఓనరు "నీ చెయ్యి ముందే పాడైంది" అన్నాడు. లేబర్ ఆఫీసులో వేశాం. ఆ రోజు పనిలో ఉన్నాడు, స్పానర్ లాగాడు, తెగింది. అంతే అడిగారు. షెడ్డులో మిగతా ముగ్గురు కుర్రాళ్లు వచ్చి చూసింది చూసినట్టు చెప్పారు. డబ్బు వచ్చింది. రెండేళ్లు తిరిగాం, కానీ వచ్చింది.

నల్లకోటు
2025 జూన్ 15, మధ్యాహ్నం 2:10

బాబాయ్ గారు చెప్పింది చాలా ముఖ్యం. ముందే అరిగిన చెయ్యి అయినా, పనిలో ఒక రోజు జరిగిన ఘటన దాన్ని తెంపితే అది ప్రమాదమే. ఈఎస్‌ఐ లేనివాళ్లకు 1923 చట్టం వర్తిస్తే లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. వయసు 40, జీతం 12,000 అనుకుందాం. జీతంలో 60 శాతం 7,200. నలభై ఏళ్లకు ఆ చట్టం నాలుగో షెడ్యూల్‌లో ఉన్న గుణకం 184.17. రెండూ గుణిస్తే 13,26,024. డాక్టర్ సంపాదన శక్తి 20 శాతం పోయిందని రాస్తే అందులో ఐదో వంతు, సుమారు 2,65,205 రూపాయలు. జీతం ఎంత ఉన్నా లెక్కకు 15,000 మించి తీసుకోరు. వైద్యం ఖర్చు దీనికి అదనం. గాయం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు వేయాలి. నెల దాటినా యజమాని కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది.

ఫిజియో సుధ
2025 జూన్ 15, రాత్రి 8:45

రోజూ ఇలాంటి చేతులే చూస్తాను, అందుకే రాస్తున్నాను. అక్కా, మీ చిటికెన వేలికి తిమ్మిరి ఉందా లేదా?

కొరిటెపాడు అక్క
2025 జూన్ 15, రాత్రి 8:52

లేదమ్మా. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. ఉంగరం వేలు సగం. చిటికెన వేలు బాగానే ఉంది.

ఫిజియో సుధ
2025 జూన్ 15, రాత్రి 9:20

అదే అసలు గుర్తు. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య సన్నటి దారి ఉంటుంది. వేళ్లను వంచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు ఒక నరమూ అందులోంచే వెళ్లాలి. స్నాయువులు ఆగకుండా రాపిడి పడితే వాటి పొర ఉబ్బుతుంది, మధ్యలో ఉన్న నరం నలుగుతుంది. చిటికెన వేలి నరం వేరే దారిలో వెళ్తుంది, అందుకే అది బాగుంటుంది. నిద్రలో మణికట్టు వంగుతుంది కాబట్టి రాత్రుళ్లు ఎక్కువ. బొటనవేలి కింద కండ పల్చబడకముందే వైద్యం చేయాలి. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుని పడుకోండి.

ఇంట్లో అంట్లు తోమడం వల్లే అన్న మాటకు నా జవాబు. రోజుకు 480 కాలర్లు అతికించే చేతికీ, గంటసేపు అంట్లు తోమే చేతికీ పోలికే లేదు. పైగా ఇంటి పని లేని మగ టైలర్లకూ ఇదే వస్తోంది. కానీ షుగర్, థైరాయిడ్ ఉన్నా ఈ జబ్బు వస్తుంది. కాబట్టి ఆ రెండు పరీక్షలు చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి. లేవని తేలితే వాళ్ల వాదన సగం పడిపోతుంది.

ఇది కొత్త జబ్బేం కాదు. 1713లో ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అనే వైద్యుడు లేఖరుల గురించి రాశాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున కదలడం, తప్పు పోతుందేమోనన్న మనసు బరువు, ఈ మూడూ వాళ్ల జబ్బుకు కారణాలని చెప్పాడు. మీ లైన్‌లోనూ అవే మూడూ ఉన్నాయి చూడండి.

ఇంకో చిన్న పని, కానీ దీని మీదే అంతా నిలుస్తుంది. డాక్టర్ గారి దగ్గర "చెయ్యి తిమ్మిరి" అని ఊరుకోకండి. ఏం పని, ఎన్నేళ్లు, గంటకు ఎన్ని పీసులు, ఆదివారం తగ్గుతుందా, సోమవారం పెరుగుతుందా, ఇవన్నీ చెప్పి కేస్ షీటులో రాయమని అడగండి. నేను చూసే చీటీల్లో చాలావాటిలో పని ఏంటో ఒక్క ముక్క ఉండదు.

మిర్చియార్డు తమ్ముడు
2025 జూన్ 16, ఉదయం 5:50

ఇది చదువుతుంటే మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. మాది గుంటూరు. అమ్మ పాతికేళ్లుగా కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కిలోకి ఇంత అని కూలి. తేజ రకం కాయ సన్నగా ఉంటుంది, కిలోకి ఎన్నో కాయలు. ఒక్కో కాయకూ బొటనవేలు ఒకసారి విరవాలి. ఘాటుకి చేతులు మండుతాయని అందరికీ తెలుసు, వేలు పట్టేస్తుందని ఎవరూ అనరు. ఇప్పుడు అమ్మ బొటనవేలు వంచితే టక్కుమని అక్కడే ఆగిపోతుంది. రెండో చేత్తో లాగాలి. జీతం చీటీ లేదు, కార్డు లేదు. ఒక రోజు ఈ మేస్త్రి, ఇంకో రోజు ఆ మేస్త్రి. ఆమెకు ఎవరు యజమాని?

నల్లకోటు
2025 జూన్ 16, ఉదయం 9:15

తమ్ముడూ, చట్టం ప్రకారం మేస్త్రి ద్వారా పని చేయించుకున్నా అసలు పని ఎవరిదో వాళ్లకు బాధ్యత ఉంటుంది. 1923 చట్టం 12వ సెక్షన్ అదే చెప్తుంది. రోజువారీ కూలీ అన్నంత మాత్రాన చట్టం బయట పెట్టకూడదని 2000లో సవరించారు కూడా. కాబట్టి కాయల బస్తా మీద పడో, మెట్ల మీద జారో దెబ్బ తగిలితే అడిగే దారి ఉంది. కానీ వేలు పట్టేయడం అన్న జబ్బుకు, అక్క గారికి అడ్డుపడిన గోడే అమ్మకూ అడ్డం. ఇంకా ఎక్కువ అడ్డం, ఎందుకంటే కాగితం ఒక్కటీ లేదు. నీకు దారి ఉందని ఉత్త ధైర్యం చెప్పలేను.

మిర్చియార్డు తమ్ముడు
2025 జూన్ 16, ఉదయం 9:40

నిజం చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ మాదని చెప్పుకుంటాం. ఆ కాయ తొడిమ తీసిన చేతుల లెక్క ఎక్కడా రాసి ఉండదు.

ఫిజియో సుధ
2025 జూన్ 16, ఉదయం 10:05

తమ్ముడూ, అమ్మ వేలికి వైద్యం ఉంది. దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. పట్టీతోనో, ఇంజెక్షన్‌తోనో చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించు. అక్కడ కూడా పని ఏంటో రాయించు.

ఫ్రీమాంట్ అన్నయ్య
2025 జూన్ 16, రాత్రి 9:30

నాది తెనాలి, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడ వేర్‌హౌస్‌లో చేసే మా స్నేహితుడికి ఇలాగే భుజం పట్టేసింది. ఈ రాష్ట్రపు లేబర్ కోడ్ 3208.1 సెక్షన్‌లో గాయం రెండు రకాలని రాసి ఉంది. ఒక ఘటనలో తగిలేది ఒకటి, రోజుల తరబడి చిన్న చిన్న దెబ్బలు పేరుకుని వచ్చేది ఇంకొకటి. రెండోదానికి ఫలానా తేదీ చెప్పక్కర్లేదు. క్లెయిమ్ ఫారం ఇచ్చాక, ఒప్పుకుంటారో తిరస్కరిస్తారో తేలేలోపు కూడా 10,000 డాలర్ల దాకా వైద్యం చేయించాలి. అలాగని ఇక్కడ అన్నీ సులువుగా వచ్చేస్తాయని కాదు. మా వాడు కూడా ఇన్సూరెన్స్ కంపెనీతో చాలా పోరాడాడు. కానీ అతని జబ్బుకు చట్టంలో ఒక పేరు ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టగలిగాడు.

నల్లకోటు
2025 జూన్ 16, రాత్రి 10:05

మనకు కావాల్సింది సరిగ్గా ఆ రెండో రకమే. ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

హెచ్‌ఆర్ విజయవాడ
2025 జూన్ 17, మధ్యాహ్నం 12:50

నేను కంపెనీ వైపు పని చేసే మనిషిని. తిట్టినా ఫర్వాలేదు, నా అనుమానం చెప్పాలి. ప్రతి మెడ నొప్పికీ, నడుం నొప్పికీ కంపెనీదే బాధ్యత అంటే చిన్న యూనిట్లు నిలబడగలవా? ఏది పని వల్ల వచ్చింది, ఏది వయసు వల్ల వచ్చింది అని ఎవరు తేలుస్తారు? ఆ అక్క గారిని రాజీనామా అడగడం మాత్రం తప్పు. మా దగ్గర అయితే నేను ఒప్పుకోను.

ఫిజియో సుధ
2025 జూన్ 17, మధ్యాహ్నం 2:15

న్యాయమైన ప్రశ్నే. తేల్చే పద్ధతి ఉంది. ఒకే పని చేసే వాళ్లలో ఎంతమందికి ఒకే చోట నొప్పి ఉందో లెక్కపెట్టాలి. అక్కా, మీ లైన్‌లో ఇంకెవరికైనా ఉందా?

కొరిటెపాడు అక్క
2025 జూన్ 17, రాత్రి 9:10

ఈరోజు అన్నాల దగ్గర అడిగాను. కాలర్ లైన్‌లో మేం పదకొండు మందిమి. నలుగురికి కుడి చెయ్యి రాత్రుళ్లు తిమ్మిరి. ఒకమ్మాయికి 26 ఏళ్లే. అందరం ఎవరికి వాళ్లం బలహీనత అనుకుని బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటున్నాం. ప్యాకింగ్‌లో అడిగితే ఎవరికీ ఈ తిమ్మిరి లేదు, వాళ్లకు నడుం నొప్పి.

హెచ్‌ఆర్ విజయవాడ
2025 జూన్ 17, రాత్రి 10:00

పదకొండులో నలుగురు, అదీ ఒకే చెయ్యి, ఒకే టేబుల్. అయితే నా అనుమానానికి జవాబు దొరికింది. అక్కా, ఇది కాగితం మీద పెట్టండి. నాకు తెలిసినంతలో కంపెనీకి పెద్ద ఖర్చు లేని మార్పులున్నాయి. రెండు గంటలకోసారి కాలర్ నుంచి వేరే పనికి మార్చడం, కుర్చీ ఎత్తు సరిచేయడం, గంటకు ఐదు నిమిషాలు చేతులకు విశ్రాంతి. కొత్త ఆపరేటర్‌కు చెయ్యి తిరిగే దాకా నష్టపోయే పీసులతో పోలిస్తే ఇది తక్కువే. నలుగురి పేర్లతో, మర్యాదగా, ఆరోపణ లేకుండా రాయండి. ఇచ్చినట్టు నకలు మీద సంతకం తీసుకోండి.

ఆటోనగర్ బాబాయ్
2025 జూన్ 18, ఉదయం 6:30

సంతకం చేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపించు తల్లీ. రసీదు పారేయొద్దు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. 15100కి ఫోన్ చేస్తే చెప్తారు.

కొరిటెపాడు అక్క
2025 జూలై 20, సాయంత్రం 6:40

అందరికీ జరిగింది చెప్పాలి. డిస్పెన్సరీకి వెళ్లాను. మొదటి రోజు రద్దీలో డాక్టర్ గారు మందులు రాసి పంపేయబోయారు. సుధ గారు చెప్పినట్టు, "మేడమ్, నా పని ఏంటో కూడా రాయండి" అన్నాను. తలెత్తి చూసి, కూర్చోమని, చెయ్యి పట్టుకుని చూసి, అర పేజీ రాశారు. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు. సర్టిఫికెట్ ఇచ్చారు, పనికి వెళ్లట్లేదు. 90 శాతానికి కూడా దరఖాస్తు పెట్టాను, ప్రమాదం ఏదీ లేదు కాబట్టి కుదరదన్నారు. నల్లకోటు గారు ముందే చెప్పారు కాబట్టి కుంగిపోలేదు. 70 శాతం బ్యాంకులో పడింది. రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు. 73వ సెక్షన్ అని నేను అనగానే ఆఫీసులో ఆయన ఫైల్ మూసేశారు.

కొరిటెపాడు అక్క
2025 సెప్టెంబర్ 7, ఉదయం 11:20

ఆపరేషన్ అయింది. చెయ్యి వరకే మత్తు ఇచ్చారు, అరగంట కూడా పట్టలేదు. పన్నెండో రోజు కుట్లు విప్పారు. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. ఏడెనిమిది నెలల తర్వాత అలా పడుకోవడం అదే మొదటిసారి. పట్టు ఇంకా పూర్తిగా రాలేదు.

నల్లకోటు
2025 డిసెంబర్ 7, రాత్రి 9:00

చాలామంది విడిగా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. 1923 చట్టం, ఈఎస్‌ఐ చట్టం సహా తొమ్మిది చట్టాలు అందులో కలిశాయి. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాన్ని ఈఎస్‌ఐ లేనివాళ్లకు కూడా చేర్చారు, అది మంచి మార్పు. నేను మొదట తెరిచి చూసింది మూడో షెడ్యూల్. మణికట్టు అందులోనూ లేదు. ఫలానా ప్రమాదం నుంచి నేరుగా రావాలన్న మాట అలాగే ఉంది. నూట రెండేళ్ల తర్వాత కొత్త చట్టం తెస్తూ కూడా ఈ చేతులు ఎవరికీ కనిపించలేదు.

కానీ షెడ్యూల్ మారేది కాగితాల వల్లే. డాక్టర్లు పని పేరు రాసిన కేస్ షీట్లు వందలు, వేలు అయినప్పుడు లేదని అనడం కష్టమవుతుంది. అందుకే అడుగుతున్నాను, డబ్బు రాదని తెలిసినా రాయించడం మానొద్దు.

కొరిటెపాడు అక్క
2025 డిసెంబర్ 7, రాత్రి 9:45

మా లైన్‌లో ఆ నలుగురివీ రాయించాం అన్నయ్యా. నేనిప్పుడు చెకింగ్ టేబుల్ మీద ఉన్నాను, పాత జీతమే. కాలర్ లైన్‌ను రెండు గంటలకోసారి మార్చడం అక్టోబర్ నుంచి మొదలుపెట్టారు. మా లెటర్ చదివారో, పీసులు తగ్గాయనో తెలియదు.

మిర్చియార్డు తమ్ముడు
2025 డిసెంబర్ 8, ఉదయం 6:10

అమ్మకు ఇంజెక్షన్ చేశారు, వేలు వంగుతోంది. కేస్ షీటులో "మిరపకాయల తొడిమలు తీసే పని, 25 ఏళ్లు" అని రాశారు. కొత్త కాయ వచ్చే టైమ్ దగ్గరపడింది. వెళ్లొద్దంటే వినట్లేదు.

తాడేపల్లి బిల్లింగ్
2025 డిసెంబర్ 13, రాత్రి 10:30

కొత్తగా చేరాను. సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను. బరువైన ప్యాకెట్లు స్కానర్ మీద తిప్పీ తిప్పీ బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టు దాకా లాగుతోంది. ఈఎస్‌ఐ కోస్తున్నారు. ఇదంతా చదివాను కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

కొరిటెపాడు అక్క
2025 డిసెంబర్ 13, రాత్రి 10:48

చెల్లీ, రేపు ఆదివారం కదా, కూర్చుని ఒక కాగితం మీద రాసుకో. ఎప్పుడు చేరావు, రోజుకు ఎన్ని గంటలు నిలబడతావు, సుమారు ఎన్ని బిల్లులు, నొప్పి ఏ నెలలో మొదలైంది. ఆరు నెలల జీతం చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. మీ కౌంటర్లలో ఇంకెవరికి ఉందో అడుగు. సోమవారం కార్డు తీసుకుని పొద్దున్నే డిస్పెన్సరీకి వెళ్లు. ముందు నీ పనేంటో చెప్పు, తర్వాత నొప్పి చెప్పు. బయటికి వచ్చేముందు చీటీలో పని పేరు ఉందో లేదో చూసుకో. లేకపోతే మళ్లీ లోపలికి వెళ్లి అడుగు, ఏమీ అనుకోరు. సాయంత్రం ఇక్కడ రాయి, ఎదురుచూస్తుంటాను.